తెలిసిన ఆట దగ్గరికే మళ్లీ మళ్లీ ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

‘అలసిపోయిన రోజున మీరు మళ్లీ తెరిచే వీడియో గేమ్ ఏది, ఎందుకు?’ అని గత సంచికలో అడిగాము. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో కొత్త ఆటల పేర్లు తక్కువ. చాలామంది ఏళ్ల తరబడి ఒకే ఆటను అంటిపెట్టుకొని ఉన్నారు. ఆటతో పాటు ఇంటి సంగతులను కూడా మనసు విప్పి రాసిన నాలుగు ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఐదేళ్లుగా రాత్రిపూట ఫోన్‌లో స్టార్‌డ్యూ వ్యాలీ కాసేపు ఆడనిదే నాకు నిద్ర పట్టదు. ఉగాదికి ఇంటికి వచ్చినప్పుడు మా నాయన అది చూసి, ‘ఉన్న సేద్యం వదిలిపెట్టి పోయి, ఫోన్‌లో సేద్యం చేస్తాండావా నాయనా?’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను చేస్తున్నది తప్పా?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: తప్పు కాదు. మీ నాయనగారి మాటలో నిందకన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉందని నాకు అనిపిస్తోంది. ముందుగా ఈ ఆట తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రామింగ్ అన్నీ తానొక్కడే చేసుకొంటూ నాలుగేళ్లకు పైగా శ్రమించి, 2016 ఫిబ్రవరిలో దీన్ని విడుదల చేశాడు. 1996లో జపాన్‌లో వచ్చిన హార్వెస్ట్ మూన్ అనే సేద్యపు ఆట మీద ఇష్టంతోనే ఆయన ఈ పనికి పూనుకున్నాడు. కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చొని విసిగిపోయిన ఒక మనిషి, తాత చివరి రోజుల్లో తన చేతికిచ్చిన ఉత్తరాన్ని విప్పి చదువుకొని, ఆ తాత వదిలిపోయిన బీడు పొలానికి వెళ్లిపోవడంతో కథ మొదలవుతుంది. పల్లెలో పుట్టి బెంగళూరు గదిలో రాత్రి భోజనం చేస్తున్న మీకు ఈ కథ పరాయిదిగా తోచకపోవడంలో వింత లేదు.

అయితే మిమ్మల్ని ఐదేళ్లుగా పట్టి ఉంచింది కథ ఒక్కటే కాదని నా నమ్మకం. ఆ ఆటలో ఏడాదికి నాలుగు కాలాలు, ఒక్కో కాలానికి సరిగ్గా 28 రోజులు. మొదటి రోజున ఊరి పెద్ద ఇచ్చే 15 విత్తనాలు పార్స్నిప్ అనే, ముల్లంగిని పోలిన దుంపవి. రోజూ నీళ్లు పోస్తే నాలుగు రోజుల్లో దుంప చేతికి వస్తుంది. కాలీఫ్లవర్‌కు 12 రోజులు పడుతుంది. కాలం మారితే ఆ కాలపు పంట వాడిపోతుంది కాబట్టి లెక్క వేసుకొని విత్తుకోవాలి. దిష్టిబొమ్మ పెడితే కాకులు రావు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంట్లో టీవీ పెడితే రేపటి వాన సంగతి చెబుతుంది. అది వాన అన్నదంటే తెల్లవారేసరికి వాన పడుతూ ఉంటుంది, ఆ రోజు చేనుకు నీళ్లు పోసే పని ఉండదు.

ఈ చివరి సంగతిని అనంతపురం రైతు కళ్లతో చూడండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన కురిసే నేల మనది. జూన్, జూలై నెలల్లో పదును దొరికితే వేరుశనగ విత్తనం వేస్తారు. మొలక బాగానే వస్తుంది, పూత కూడా వస్తుంది. సరిగ్గా ఊడలు దిగే సమయానికి మూడు వారాలు మబ్బు మొహం చాటేసిందంటే నేల గట్టిపడి ఊడ లోపలికి దిగదు, దిగినా కాయ ఊరదు. పీకి చూస్తే చెట్టుకు నాలుగు తాలు కాయలు కనబడతాయి. అంతవరకు పడిన కష్టంలో లోపమేమీ లేదు, అయినా పంట లేదు. ఇది మీరు చిన్నప్పుడు ఇంటి అరుగు మీద కూర్చొని కళ్లారా చూసే ఉంటారు. పడిన కష్టానికి ఫలితం తప్పకుండా అందే పొలం ఒకటి దొరికితే, ఆఫీసులో పన్నెండు గంటలు గడిపి వచ్చిన మనిషి దాని దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లడం నాకు ఎంతో సహజంగా తోస్తుంది. మీరు సేద్యాన్ని మరిచిపోయి ఆడడం లేదు. సేద్యం ఎలా ఉంటే బాగుండేదో ఆ తీరును చూసుకొంటున్నారు.

కాబట్టి ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఫోన్ దాచిపెట్టకండి. నాయనగారి పక్కన కూర్చొని, ఒక మడిని ఆయన చేతనే తవ్వించి, విత్తనం వేయించండి. అది ఎర్రనేలా, నల్లరేగడా అని అడుగుతారు, నాలుగు రోజుల పంట ఎక్కడుందిరా అంటారు. వాన సంగతి చెప్పే టీవీని మాత్రం తప్పకుండా చూపించండి. మూడో ఏడాది మొదటి రోజున తాత ఆత్మ వచ్చి మనవడి కష్టాన్ని చూసి మెచ్చుకొనే ఘట్టం కూడా ఆయనకు చెప్పదగినదే.

నిద్ర గురించి ఒక హెచ్చరిక. ఆటలో ఒక రోజు మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. కథానాయకుడు పడుకున్నప్పుడు ఆ రోజు పని భద్రమవుతుంది. భద్రమైన మరుక్షణమే కొత్త ఉదయం మొదలవుతుంది కాబట్టి ‘ఇంకొక్క రోజు’ అని చేయి లాగుతుంది. రాత్రికి రెండు రోజులు అని ముందే అనుకొని, రెండో రోజు ముగిసి తెల్లవారుతూ ఉండగానే ఆపేయండి.

ప్రశ్న: నేనూ మా తమ్ముడూ చిన్నప్పుడు ఆడిన టీవీ గేమ్ అటక మీద దొరికింది. మారియో క్యాసెట్ పెడితే తెర మీద గీతలు తప్ప ఏమీ రావడం లేదు. అప్పట్లో ఊది పెడితే వచ్చేది, ఇప్పుడు ఎంత ఊదినా లాభం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: దయచేసి ఊదకండి. మనమంతా ఊదినవాళ్లమే. వేసవి సెలవుల్లో కొండారెడ్డి బురుజు దగ్గరి మా మేనమామ ఇంట్లో ఆరుగురు పిల్లలం వరుసలో కూర్చొని, ఎవరి వంతు వస్తే వారు ఊదే హక్కు కూడా పొందేవాళ్లం. నిజానికి అప్పుడు పని చేసింది ఊపిరి కాదు. క్యాసెట్‌ను తీసి మళ్లీ పెట్టడం వల్ల లోపలి రాగి పట్టీలు సరిగా ఆనుకునేవి. ఊపిరిలోని తేమ ఆ పట్టీలకు చిలుము పట్టిస్తుంది. ఊదవద్దని తయారీదారు నింటెండో కూడా చెప్పింది. మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్లను ముంచి, పట్టీల మీద నల్లటి మరక రావడం ఆగేదాకా మెల్లగా తుడిచి, బాగా ఆరిన తరువాత పెట్టి చూడండి.

కొత్త టీవీకి పసుపు, తెలుపు రంగుల పాత తీగలు తగిలించే చోటు లేకపోతే, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా ఎలక్ట్రానిక్స్ దుకాణాలలో దొరుకుతుంది. బాతులను కాల్చే తుపాకీ కూడా ఉంటే దాని మీద మాత్రం ఆశ వదులుకోవాలి. పాత డబ్బా టీవీ తెర మీద బొమ్మను గీసే తీరును నమ్ముకొని చేసిన తుపాకీ అది, పలక టీవీ మీద పని చేయదు.

1985లో వచ్చిన మారియో మొత్తం 40 కిలోబైట్ల ఆట. మీ ఫోన్‌లో తీసే ఒక్క ఫోటో దానికి ఎన్నో రెట్లు పెద్దది. చోటు చాలక, ఆకాశంలో మబ్బుకు గీసిన బొమ్మకే ఆకుపచ్చ రంగు వేసి నేల మీద పొదగా వాడుకున్నారు. క్యాసెట్ పలికితే ఈ సంగతి మీ తమ్ముడికి చూపించండి.

ప్రశ్న: నా భర్త రాత్రి పదకొండు దాటినా ఫోన్‌లో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. ‘అందరికీ ఒక రిలీఫ్ గేమ్ ఉంటుంది, ఇది నాది’ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: కాదమ్మా. ఈ శీర్షికలో మేము మాట్లాడుకొనే ఆటలో ఓడిపోతే పోయేదేమీ ఉండదు, అందుకే అక్కడ మనసు కుదుటపడుతుంది. డబ్బు పెట్టిన ఆటలో పోయినదాన్ని రాబట్టుకోవాలన్న ఆత్రమే మనిషిని మళ్లీ కూర్చోబెడుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. ఆయనను దోషిగా నిలబెట్టకుండా, ముందు ఎంత పోయిందో, ఎక్కడెక్కడ అప్పు ఉందో ఇద్దరూ కూర్చొని ఒక కాగితం మీద రాయండి. మానసిక ఆరోగ్య సలహా కోసం 14416కు ఫోన్ చేస్తే, ప్రభుత్వ టెలీ మానస్ సేవలో తెలుగులో మాట్లాడేవారు ఉచితంగా దొరుకుతారు. ముందు మీరు చేయండి, తరువాత ఆయనతో చేయించండి.

ప్రశ్న: మా నాయన బడిపంతులుగా పని చేసి రిటైరయ్యారు. అమ్మ పోయి పది నెలలు. రోజూ మధ్యాహ్నం మూడు నుంచి దీపాలు పెట్టే వేళ దాకా పాత కంప్యూటర్‌లో సాలిటైర్ ఆడుతూనే ఉంటారు. అమ్మ ఉన్నప్పుడు ఆ వేళకు ఇద్దరూ వసారాలో సుద్దముక్కతో గీసుకొని పులిజూదం ఆడేవారు. అమ్మ ఎప్పుడూ మేకలే తీసుకొనేది. ఇప్పుడు ఆయనకు ఆ కంప్యూటరే లోకమైపోయిందని మా అన్న దాన్ని తీసేయాలంటున్నాడు.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: మీ అన్నగారికి చెప్పండి, ఇప్పుడే తీయవద్దని.

సాలిటైర్ అనే ఈ ఒంటరి పేకాట 1990లో విండోస్ 3.0తో పాటు ఇళ్లలోకి, ఆఫీసుల్లోకి వచ్చింది. మైక్రోసాఫ్ట్‌లో ఇంటర్న్‌గా ఉన్న వెస్ చెర్రీ దాన్ని రాశాడు, ముక్కల బొమ్మలు సుసాన్ కేర్ గీసింది. మౌస్ పట్టడం రానివారికి, ముక్కను నొక్కి పట్టుకొని లాగి మరోచోట వదలడం అలవాటు చేయడం దాని ప్రయోజనాలలో ఒకటి. ఏడు వరుసల్లో 28 ముక్కలు, చేతికట్టలో 24. చిందరవందరగా పడి ఉన్నవాటిని ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపుగా సర్దుకొంటూ, చివరకు ఆసు నుంచి రాజు దాకా నాలుగు కుప్పలుగా పేర్చాలి. అన్ని పంపకాలూ తేలవు. తేలకపోతే తప్పు ఆడేవాడిది కాదు, మరో పంపకం వేసుకోవచ్చు. ఇంట్లో ఏ వస్తువును కదిపినా అమ్మ గుర్తుకు వచ్చే రోజుల్లో, సర్దితే సర్దుబాటయ్యేది కనీసం ఒకటి ఆయన చేతిలో ఉంది. పైగా, ఆయన దాన్ని ఆడుతున్న వేళ మీ అమ్మగారి వేళే. ఆ మూడు గంటలను ఎలా దాటాలో తెలియక ఆయన వెతుక్కున్న దారి అది.

రోజూ ఆడడమే జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా గుర్తించినది వేరు. ఆట మీద అదుపు తప్పి, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోయి, నష్టం కనబడుతున్నా మానలేని స్థితి సాధారణంగా ఏడాది పాటు సాగితేనే అలా అంటారు. మీరు చూడవలసినది వేరే ఉంది. ఆయన వేళకు తింటున్నారా, రాత్రి నిద్రపోతున్నారా, వీధి అరుగు దాకా అయినా వస్తున్నారా, మనవళ్లు పిలిస్తే ముక్కలు వదిలి లేస్తున్నారా? ఇవి తగ్గుతూ ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకువెళ్లండి. ఆట వల్ల కాకుండా దిగులు వల్ల కూడా ఇవి తగ్గుతాయి.

అవి బాగానే ఉంటే, కొన్నాళ్లు ఊరకే ఆయన పక్కన కుర్చీ వేసుకొని కూర్చోండి. ఏ ముక్క ఎక్కడ వేయాలో చెప్పకండి. ఆయనే ‘ఇది చూడమ్మా’ అని తెర చూపించే రోజు వచ్చాక, ఒక సాయంత్రం సుద్దముక్క తీసుకొని వసారాలో పులిజూదం గీయండి. మూడు పులులకు మూడు చింతగింజలు, పదిహేను మేకలకు పదిహేను గులకరాళ్లు పక్కన పెట్టండి. ఆయన రాకపోతే చెరపకుండా వదిలేయండి, మర్నాడు కూడా ఉంటుంది. వచ్చి కూర్చుంటే మాత్రం, మీ అమ్మగారి మేకలను మీరు ముందుగా చేతిలోకి తీసుకోకండి. ఏ పక్షం కావాలో ఆయననే అడగండి.