కాలేయంలో మచ్చ కనిపిస్తే క్యాన్సర్ పాకినట్టేనా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. రెండేళ్ల క్రితం పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, తర్వాత కీమో చేశారు. ఈమధ్య తీసిన సీటీలో కాలేయం కుడివైపున 12 మి.మీ. మచ్చ ఉందన్నారు. అల్ట్రాసౌండ్‌లో హిమాంజియోమా కావచ్చని రాశారు. పెట్ స్కాన్ చేయించాలా, బయాప్సీకి వెళ్లాలా?

జవాబు: పెద్దపేగు నుంచి రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికే చేరుతుంది కాబట్టి మీ భయం అకారణమైనది కాదు. అయితే క్యాన్సర్ కాని నీటితిత్తులు, రక్తనాళాల గడ్డలైన హిమాంజియోమాలు ఆరోగ్యవంతుల్లో ఎంత తరచుగా ఉంటాయో, క్యాన్సర్ వచ్చినవారిలోనూ అలాగే ఉంటాయి.

ముందుగా ఆపరేషన్‌కు మునుపటి సీటీ సీడీని వెతికి రేడియాలజిస్టుకు ఇవ్వండి. రిపోర్టు కాగితం చాలదు, పాత చిత్రాలను కొత్తవాటి పక్కన పెట్టి చూడాలి. ఈ మచ్చ అప్పుడూ ఇదే పరిమాణంలో ఉంటే సగం దిగులు తీరినట్టే.

దాంతో తేలకపోతే కాంట్రాస్ట్ (గడ్డలు స్పష్టంగా కనిపించేలా రక్తంలోకి ఎక్కించే మందు) ఇచ్చి చేసే ఎమ్మారై నా మొదటి ఎంపిక. హిమాంజియోమాలో రక్తం నెమ్మదిగా కదులుతుంది. అందువల్ల కాంట్రాస్ట్ మొదట అంచున చిన్న చిన్న ముద్దలుగా మెరిసి, కొన్ని నిమిషాల్లో మధ్యకు నిండుతుంది, టీ2 అనే రకం ఎమ్మారై చిత్రాల్లో గడ్డ నీటిలా తెల్లగా వెలుగుతుంది. పాకిన క్యాన్సర్‌లో సాధారణంగా చుట్టూ వలయంలా మెరుపు కనిపిస్తుంది, నడుమ భాగం మసకగానే ఉంటుంది. కాలేయ కణాలు పీల్చుకునే ప్రత్యేక కాంట్రాస్ట్ ఇస్తే, 20 నిమిషాల తర్వాత కాలేయమంతా మెరుస్తుండగా క్యాన్సర్ గడ్డ నల్లగా మిగులుతుంది. కానీ హిమాంజియోమా కూడా ఆ దశలో నల్లగానే కనిపిస్తుంది కనుక ఆ ఒక్క చిత్రంతో నిర్ణయానికి రాకూడదు.

అల్ట్రాసౌండ్ మాటను మాత్రం ఆఖరిదిగా తీసుకోకండి. పెద్దపేగు నుంచి పాకిన గడ్డలు కూడా అందులో తెల్లగా కనిపించవచ్చు. పెట్ స్కాన్‌లో చిన్న గడ్డలు, జిగురు స్రవించే రకం క్యాన్సర్లు తప్పిపోతుంటాయి కాబట్టి, అందులో ఏమీ కనబడలేదని నిశ్చింతగా ఉండలేం. బయాప్సీకి తొందర వద్దు. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు నాటుకునే ప్రమాదం కొంత ఉంది, హిమాంజియోమా అయితే రక్తస్రావం కావచ్చు.

స్కాన్‌కు ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), సీఈఏ (పెద్దపేగు క్యాన్సర్‌లో పెరగగల సూచిక) రక్తపరీక్షలు చేయించండి. ఎమ్మారైలో ఒక్కోసారి 15-20 సెకన్లు ఊపిరి బిగపట్టాల్సి ఉంటుంది, కదిలితే చిత్రం చెరిగినట్టు వస్తుంది. అమ్మగారితో ఇంట్లోనే రెండుమూడు రోజులు సాధన చేయించండి. ఒకవేళ పాకిన క్యాన్సరే అని తేలినా, పెద్దపేగు నుంచి వచ్చిన ఒంటరి చిన్న గడ్డను ఆపరేషన్‌తో తొలగించి నయం చేసే అవకాశం ఉంటుంది, కాబట్టి కాలేయ సర్జన్‌ను కూడా ఇప్పుడే కలవండి.