మొక్కల రసాల రంగులు వెలిసిపోకుండా ఏం చేయాలి, ప్రాణమున్న నాచుతో బొమ్మ కుదురుతుందా?

పసుపు, మందార, బీట్‌రూట్ రసాలతో వేసిన బొమ్మలు నెల తిరగకుండానే వెలిసిపోయాయని, రంగు నిలవాలంటే ఏం చేయాలని, బతికున్న నాచును కళాకృతిలో వాడవచ్చా అని అడిగారు. నేనూ ఆ మూడింటితోనే మొదలుపెట్టి భంగపడ్డాను.

లోపం మీ చేతిలో లేదు. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ వెలుతురుకు తట్టుకోలేదు. మందార రసం పులుపు తగిలితే ఎర్రబడుతుంది, సోడా తగిలితే ఆకుపచ్చకు తిరుగుతుంది. బీట్‌రూట్ ఎరుపు కొద్ది రోజులకే గోధుమరంగులోకి దిగుతుంది. వీటికి భిన్నంగా, ఎర్రమట్టికి రంగునిచ్చేది ఐరన్ ఆక్సైడ్ అనే ఖనిజం కనుక అది గుహల గోడల మీద వేల ఏళ్లుగా చెక్కుచెదరలేదు.

మొక్కల ఎరుపే కావాలంటే మంజిష్ఠ వేరును ఎంచుకోండి. వేరు పొడిని గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, ఆ నీటిలో 10 గ్రాముల పటిక కరిగించి, విడిగా కరిగించిన 5 గ్రాముల చాకలి సోడాను చెంచాడు చెంచాడుగా పోస్తే, రంగు నీటిని వదిలి మెత్తని ముద్దగా అడుగుకు దిగుతుంది. మొదటిసారి సోడా అంతా ఒక్కసారే గుమ్మరించాను. నురగ పొంగి బల్లంతా పారింది. ఆ మరక ఇప్పటికీ పోలేదు, రంగు గట్టిదనడానికి అదే నా రుజువు! అడుగున చేరినదాన్ని రెండు మూడు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, తుమ్మ జిగురుతోనూ రెండు చుక్కల తేనెతోనూ నూరితే నీటిరంగు సిద్ధమవుతుంది. జిగురు తక్కువైతే ఆరాక వేలికి అంటుకుంటుంది, ఎక్కువైతే బీటలు వారుతుంది.

ఏ రంగునైనా బొమ్మలో వాడే ముందు కాగితం ముక్కపై పూసి, సగం అట్టతో కప్పి, ఎండ తగిలే కిటికీలో నెల రోజులు ఉంచి, రెండు సగాలనూ పోల్చి చూడండి. సహజమైనదంతా నిరపాయమని మాత్రం అనుకోకండి: పసుపు రంగు ఖనిజం హరితాళంలో ఆర్సెనిక్, ఎర్ర రంగు ఖనిజం ఇంగిలీకంలో పాదరసం ఉంటాయి.

ఇక నాచుకు వేర్లు ఉండవు, నీటిని ఆకులతోనే పీల్చుకుంటుంది కనుక దానికి మట్టి కన్నా తేమ ముఖ్యం. నేను దాన్ని అద్దం చట్రంలో మూసిపెట్టగా మూడో వారానికి బూజు పట్టింది. ఇప్పుడు తెరిచిన మట్టి పలకపై బొమ్మగా పరిచి, వాన నీరు చిలకరిస్తున్నాను. నాచు అంచులు వేసవిలో ఎండి ముడుచుకుంటాయి, తడి తగలగానే మళ్లీ పచ్చబడతాయి. బొమ్మ గీత ప్రతిసారీ కొంచెం జరుగుతుంది, దాన్ని నేను సరిదిద్దడం మానేశాను.