మోరీ అడిగే ముందు దాని చివర ఎక్కడో అడగండి

అన్నా, మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ: నల్గొండలో మీ కాలనీలో గంటసేపు గట్టి వాన పడితే ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయి, కౌన్సిల్ ఏటా సీసీ రోడ్లకే డబ్బులు పెడుతోంది, వరద కాలువకు పెట్టించాలంటే ఏం చేయాలి అని. నాది పాలమూరు వైపు. ఊరి పేరు రాయను, ఇందులో వచ్చే వాళ్లందరూ పొద్దున లేస్తే టీ కొట్టు దగ్గర ఎదురుపడేవాళ్లే.

2022 ఎండాకాలంలో మా గల్లీలో పాత రోడ్డు తవ్వకుండానే దాని మీద సీసీ పోశారు, పక్కన మోరీ కట్టారు. అడిగింది మేమే, కొబ్బరికాయ కొట్టిన రోజు ఫొటోలో నేనూ ఉన్నా. జులైలో మొదటి పెద్ద వానకు నీళ్లన్నీ సీదా మా వరండాలోకి! రోడ్డు ఎత్తు పెరిగింది, మా గడప అక్కడే ఉంది కదా. మరి మోరీ ఏమైందంటే, అది మా వార్డు హద్దు దాకా వచ్చి ఆగిపోయింది. అవతల ఇంకో వార్డు, ఇంకో కౌన్సిలర్, ఇంకో ఎస్టిమేటు.

మా వెనకింటి మేస్త్రీ లెవెల్ పైపు తెచ్చాడు, ఇల్లు కట్టేటప్పుడు నీళ్లు నింపి మట్టం చూస్తారే, ఆ సన్న పైపు. ఒక కొస నేను, ఇంకో కొస ఆయన పట్టుకుని, మోరీ మొదటి నుంచి చివరి దాకా కొంచెం కొంచెం జరుపుకుంటూ పోయాం. నీళ్లు బయటికి పోవాల్సిన చివర దాని అడుగు, మొదట్లో కంటే నాలుగు వేళ్లు ఎత్తులో ఉంది. "ఇది మోరీ కాదు సార్, బర్రెలకు తొట్టి" అన్నాడు ఆయన.

ఇక మున్సిపాలిటీ డబ్బుల సంగతి. జీతాలు, కరెంటు బిల్లులు, పాత అప్పుల కిస్తీలు పోగా మిగిలేది కొంచెమే. కేంద్రం నుంచి 2026 మార్చి దాకా 15వ ఆర్థిక సంఘం గ్రాంటు ఉండేది కదా అంటారు. పది లక్షల లోపు జనాభా ఉన్న మన టౌన్లకు అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం లాంటి పనులకే కట్టేసి ఇచ్చారు, మిగతా 40 శాతమే మన ఇష్టానికి వదిలారు. 2015లో కేంద్రం పట్టణాల కోసం తెచ్చిన అమృత్ పథకంలో నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ నాలుగూ ఉన్నాయి, వరద కాలువలకూ అందులో చోటుండేది. 2021లో మొదలైన అమృత్ 2.0 తాగునీళ్లు, మురుగునీళ్లు, చెరువుల మీదికి మళ్లింది. అంటే వాన నీళ్లకు గట్టి పద్దు లేదు. ఉన్న కొద్దిపాటిని కౌన్సిలర్లు వార్డుల లెక్కన పంచుకుంటారు. రోడ్డును ముక్కలు చేసి పంచొచ్చు. కాలువను అలా పంచితే మా మోరీ లాగే అవుతుంది. నాకు తెలిసినంతలో అసలు రోగం ఇదే, అవినీతి దాని తర్వాతే.

ఇంకో మాట, మోరీ సైజు మీ గల్లీని చూసి పెట్టేది కాదు. పైనుంచి ఎంత విస్తీర్ణం నీళ్లు అక్కడికి చేరతాయి, వాన ఎంత జోరుగా పడుతుంది, పడ్డదాంట్లో ఎంత భూమిలోకి ఇంకకుండా పారుతుంది, ఈ మూడూ కలిపి లెక్క కడతారు. కేంద్రం 2019లో వరద కాలువల మీద ఒక మాన్యువల్ కూడా వేసింది. ఖాళీ ప్లాట్లన్నీ ఇళ్లయి, వీధులన్నీ సీసీ అయ్యాక పాత లెక్క పనికిరాదు. పైగా మనవి గొలుసుకట్టు చెరువుల ఊళ్లు, పై కుంట అలుగు పారితే కింది కుంటకు కాలువ ఉండేది. ఆ కాలువ మీద లేఅవుట్ వేస్తే నీళ్లు తమ దారి తామే వెతుక్కుంటాయి, ఒక్కోసారి మన హాల్లోంచి.

మేం ఏం చేశామంటే, ముందు పాత గ్రామ నక్షా సంపాదించి ఆ కాలువ ఎక్కడుందో చూశాం. ఎస్టిమేటు, ఎంబీ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీలు ఆర్టీఐ కింద అడిగాం. తర్వాత సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చాం, అయితే "మోరీ కట్టండి" అని కాదు, "మా గల్లీ నుంచి కుంట కాలువ దాకా ఒకే పనిగా, ఒకే ఎస్టిమేటు వేయండి" అని. మొదటిసారి రసీదు తప్ప ఏమీ రాలేదు. మూడోసారి పక్క వార్డు వాళ్లను వెంట తీసుకెళ్లాం, ఎందుకంటే మా మోరీ నీళ్లు ఆగేది వాళ్ల గేట్ల ముందే, మా కంటే వాళ్లకే కోపం ఎక్కువ. ఇద్దరు కౌన్సిలర్లూ కలిసి చెబితే గానీ అది ఎజెండాలోకి ఎక్కలేదు.

తీర్మానం అయింది, సగం పని అయింది. 2025 జనవరిలో పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేక అధికారి వచ్చారు, ఫైలు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. అదొక టెన్షన్. కొత్తగా వచ్చిన వాళ్లకు మన గోడు తెలియదు, కాబట్టి తీర్మానం నంబరు, తేదీ ఉన్న కాపీ మీ దగ్గర పెట్టుకోండి. మా పని మళ్లీ కదిలింది ఆ కాపీతోనే.

మీ కాలనీలో ఈసారి వాన పడుతున్నప్పుడే వీడియో తీయండి, నీళ్లు ఏ మూల నుంచి వస్తున్నాయో కనిపించేలా. మార్చిలో బడ్జెట్ ఖాయమవుతుంది, అంతకు రెండు మూడు నెలల ముందే దరఖాస్తు ఇవ్వండి. రోడ్డు మంజూరైందని చెబితే మాత్రం సంబరపడకండి, పాతది తవ్వి పోస్తారా, దాని మీదే పోస్తారా అని ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ను) అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.