కార్ట్ ట్రాక్‌కి చిన్న బైక్: పడితే ఎంత ఖర్చో చూసి కొనండి

లక్షలోపు సెకండ్ హ్యాండ్ బండి కొని, వీలున్నప్పుడల్లా గో-కార్ట్ (బుల్లి రేసు కార్ల) ట్రాక్ మీద సరదాగా రేస్ చేయాలి, మనసు మాత్రం కేటీఎం డ్యూక్ 390 మీద ఉంది అన్నారు కదా. నా మాట వింటే 390 వద్దు.

కార్ట్ ట్రాక్‌లో స్ట్రెయిట్ అంటే మూడో గేరు పడిందో లేదో బ్రేక్ పట్టాల్సినంత దూరం. మిగతాదంతా మలుపులే. అక్కడ 40 పైచిలుకు హార్స్‌పవర్ ఉన్నా వాడుకునే చోటు ఉండదు, పైగా థ్రాటిల్ కొంచెం ఎక్కువైతే వెనక టైరు జారుతుందేమోనన్న టెన్షన్ ఒకటి. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య (ఎఫ్‌ఐఎం) పిల్లల కోసం పెట్టే మినీజీపీ రేసుల్లో 10 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఇలాంటి ట్రాకుల మీదే ఓవాలే కంపెనీ 160 సీసీ బుల్లి రేసు బైకులు నడుపుతారు. వాళ్ల వెనకాల వెళ్లి చూస్తే మన సీసీల పిచ్చి వదులుతుంది.

అందరూ ముందు చెప్పేది యమహా ఆర్15. మంచి ఫ్రేమ్, మంచి బండే. కానీ దాని మూడో వెర్షన్ (వీ3) నుంచి వచ్చిన వీవీఏ ఇంజిన్ (వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరు మారేది) 7,400 ఆర్‌పీఎమ్ దాటాక గానీ అసలు రూపం చూపించదు. హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే ఇరుకు మలుపు) లోంచి రెండో గేరులో బయటికొస్తుంటే ఆర్‌పీఎమ్ ముల్లు బాగా కిందికి పడిపోయి, బండి ఆలోచించుకుని కదిలినట్టు ఉంటుంది. ఫస్ట్‌కి దించితే మలుపు మధ్యలో కుదుపు (వీ3లో గేరు దించినప్పటి కుదుపు తగ్గించే స్లిప్పర్ క్లచ్ ఉంది కాబట్టి కొంత నయం). దీనికి మందు వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) రెండు పళ్లు పెద్దది వేయించడం. అదే యమహా ఎంటీ-15కి కంపెనీయే పెద్ద స్ప్రాకెట్ ఇచ్చింది, హ్యాండిల్ కూడా వెడల్పు, అందుకే ఇరుకు ట్రాక్‌లో అదే నాకు తేలిక అనిపించింది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై లాంటి 3.7 కిలోమీటర్ల ట్రాక్ అయితే ఆర్15 వైపే మొగ్గుతాను.

నేను వాడేది పాత టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ. కారణం ఒక్కటే, పడినా జేబుకి పెద్దగా తగలదు. ట్రాక్ మీద ఎవరైనా పడతారు. మా వాడి కేటీఎం ఆర్సీ 200 నెమ్మదిగా వెళ్తూ జారిపడితే ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు), క్లిప్-ఆన్ హ్యాండిల్, లివర్, ఫుట్‌రెస్ట్ అన్నీ ఒకేసారి పోయాయి. నా బండి అలాగే పడితే లివర్, ఫుట్‌రెస్ట్‌తో సరిపెట్టుకుంటుంది. ఆయిల్ కూలింగ్ కాబట్టి రేడియేటర్ పగిలే గొడవా లేదు, ట్రాక్ మీద కూలెంట్ ఒలికే భయమూ లేదు. చిన్న కిటుకు: లివర్ క్లాంప్ బోల్టులు మరీ బిగించకండి. నడిపేటప్పుడు కదలకుండా, పడ్డప్పుడు మాత్రం తిరిగేంత బిగువు చాలు, లివర్ విరగదు. బ్యాగులో బ్రేక్, క్లచ్, గేర్ లివర్లు ఒక్కో స్పేర్ ఉంచుకుంటే సగంలో ఇంటికి రావాల్సిన పని ఉండదు.

కొన్నాక ఎగ్జాస్ట్, ఎయిర్ ఫిల్టర్ అంటూ మెకానిక్ చెప్పే లిస్టు పక్కన పెట్టి ముందు టైర్లు మార్చండి. బండితో వచ్చే గట్టి రబ్బరు టైర్లు ఎంత కొత్తవైనా లాభం లేదు. సెంటర్ స్టాండ్, సైడ్ స్టాండ్ తీసేయండి, వాలినప్పుడు నేలకి రాసుకుని వెనక చక్రాన్ని లేపేస్తాయి. అద్దాలు విప్పేయండి, లైట్లకి టేప్ వేయండి.

బండి ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, మామూలు పాలసీల్లో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కి కవర్ ఉండదు. ఇంకోటి, కార్ట్ ట్రాకుల్లో టైర్ల గోడలు కార్టుల కోసం కట్టినవి, మలుపు బయట జారడానికి జాగా తక్కువ. అందుకే కొన్నిచోట్ల బైకుల్ని రానివ్వరు, కొన్నిచోట్ల లెదర్ సూట్ లేనిదే గేటు దాటనివ్వరు. డబ్బు కట్టే ముందు మీ దగ్గరి ట్రాక్ వాళ్లకి ఫోన్ చేసి ఈ రెండూ అడగండి. సూట్, బూట్లు, గ్లవ్స్ ఖర్చు కూడా ఆ లక్షలోంచే తీయాలంటే బండికి మిగిలేది చూసుకుని బేరం మొదలుపెట్టండి.