చిట్టీ, ఆ ఎక్సెల్ షీటు ఇక మూసెయ్

చిట్టీ,

ఆదివారం జయనగర్ వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో చూపించావే నీ నవల ప్లాన్ షీటు, మూడు రోజుల్నుంచి అదే బుర్రలో తిరుగుతోంది, అప్పుడు మీ పెద్దమ్మ పెసరట్లు వేస్తూనే ఉంది కాబట్టి నోరు తెరవడానికి కుదర్లేదు. 32 చాప్టర్లు, పాత్రకో రంగు. బానే ఉంది. కానీ పోటీ గడువు ఇంకా 40 రోజులే, షీటుకే 11 రోజులు పెట్టావు, నవల్లో మాత్రం ఒక్క వాక్యం లేదు. మీ రూమ్మేటేమో ప్లానూ గీనూ వద్దు కూర్చుని రాసెయ్ అంటోందన్నావు. ఆ పిల్ల మాట విన్నా మునుగుతావమ్మా, నేను రెండు రకాలుగానూ మునిగినవాణ్ణి.

బ్యాంకులో చేరిన కొత్తలో ఒక వారపత్రికకి సీరియల్ రాశా, ఏ వారానికి ఆ వారమే. రాత్రి దాకా రాసి సిటీ స్టేషన్ దగ్గర ఆర్.ఎం.ఎస్.కి, అదే రైల్వే పోస్టాఫీసుకి, పరిగెత్తి కవరు పడేసేవాణ్ణి. ఆరో వారం ఏం తోచక హీరో మేనమామని గుండెపోటుతో చంపేశా. పద్నాలుగో వారం ఇంటి కాగితాల మీద సాక్షి సంతకం కావాల్సొచ్చింది, రాసే ఊపులో ఆ మేనమామ చేతే చేయించేశా! అనంతపురం నుంచి ఒకావిడ కార్డు రాసింది, పైనుంచి వచ్చి వెళ్ళడానికి బస్సు చార్జీ ఎవరిచ్చారండీ అని. ఆ దెబ్బకి తర్వాతి నవలకి ఎనిమిది నెలలు ప్లానేశా. తీరా కూర్చుంటే అంతా తెలిసిన కథే, నాకే ఆవలింతలు, నాలుగో చాప్టర్లో ఆగిపోయింది. ఆ నోట్‌బుక్ వెనక పేజీల్లో మీ పెద్దమ్మ పాల లెక్క రాసుకుంది.

రూమ్మేట్ ఎలాగూ విశ్వనాథ వారిని తెస్తుంది, 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీకి వేయిపడగలు 29 రోజుల్లో ఆశువుగా చెప్తే తమ్ముడు రాసిపెట్టారంటారు కదా. నిజమే, కానీ ఆ పల్లె, ఆ కుటుంబాలు ఆయనలో ఎన్నేళ్ళ నుంచి ఉన్నాయో చూడు. రష్యా రచయిత దోస్తోయెవ్‌స్కీ కూడా అంతే, 1866లో పబ్లిషర్ గడువు మెడ మీదుంటే జూదరి నవల 26 రోజుల్లో స్టెనోగ్రాఫర్‌కి చెప్పి రాయించాడు, కానీ ఆ కథ ఆలోచన 1863లోనే ఒక ఫ్రెండుకి ఉత్తరంలో రాశాడు, పైగా ఆ రూలెట్ జూదం పిచ్చి ఆయన సొంతదే. పెసలు రాత్రి నానేస్తేనే కదా పొద్దున్నే అట్లు పడేది.

నీకూ నానినవి ఉన్నాయి. కేజీఎఫ్, ఆ కోలారు బంగారు గనుల కథ నీకు చిన్నప్పట్నుంచి ఇంట్లో విన్నదేగా. అందుకని ప్లాన్ దేనికి కావాలో దానికే చెయ్. గనులు మూసింది 2001లో, అది నువ్వు మార్చలేవు, కాబట్టి ఆ ఏడాదికి ఎవరికి ఎన్నేళ్ళు, ఎవరు బతికున్నారు (నా మేనమామని గుర్తుపెట్టుకో), ఎవరు అక్కడి మారికుప్పం స్టేషన్ నుంచి బెంగళూరుకి రోజూ ట్రైనెక్కుతున్నారు, ఇదంతా ఒక్క కాగితం మీద పెట్టి గోడకి అంటించు. ఆఖరి సీన్ మాత్రం ఇప్పుడే రాసెయ్, పచ్చిగా ఉన్నా సరే, నా సీరియల్‌కి లేనిదే అది, ఇల్లు ఎందుకు అమ్ముతున్నారో ఇరవయ్యో వారానికి కూడా నాకు తెలీదు. మధ్యలో వాళ్ళేం మాట్లాడుకుంటారు, ఎవరు ఎవరి మీద అలుగుతారు, అవన్నీ వదిలెయ్. ప్లాన్‌లో లేని మనిషి ఎవరైనా తలుపు తోసుకుని వస్తే రానీ, పేరు మాత్రం ఆ కాగితం మీద ఎక్కించు.

లెక్క చెప్తా. 50,000 పదాలు కదా, చివరి 8 రోజులు చదివి దిద్దడానికి తీసేస్తే 32 రోజులు, రోజుకి సుమారు 1,560 చొప్పున. అమెరికాలో 1999లో మొదలైన ఆ నవల రాసే నెల ఉండేదే, 2025లో దాన్ని నడిపే సంస్థ మూతపడింది, 30 రోజుల్లో 50,000, దాంట్లో రోజుకి 1,667 అని నువ్వే చెప్పావు. అది ఇంగ్లీషు లెక్క. 'వెళ్ళలేకపోయాడు' అనేది మనకి ఒక్క మాట, వాళ్ళకి నాలుగు. కాబట్టి వాళ్ళతో పోల్చుకుని బెంగపడకు, మన పదం బరువెక్కువ.

మారతహళ్ళి ట్రాఫిక్‌లో గంట ఎలాగూ కూర్చుంటావు, ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి డైలాగులు చెప్పుకో, పక్క సీటువాళ్ళు ఎవరితోనో గొడవ పడుతున్నావనుకుంటారు, అనుకోనీ. గనిలోపలి సీన్ దగ్గర ఆగిపోతే 'ఇక్కడ లిఫ్టు దిగే సీన్' అని ఒక లైన్ పెట్టి ముందుకెళ్ళు, వెనక్కి తిరిగి దిద్దడం ఇప్పుడొద్దు. రాత్రి పడుకునే ముందు రేపటి సీన్ గురించి రెండు లైన్లు, అంతకంటే ఎక్కువ వద్దు, మూడోది రాస్తే మళ్ళీ షీటు తెరుస్తావ్ నువ్వు.

ఈ ఆదివారం రా. లాప్‌టాప్ వద్దు, ఆ ఆఖరి సీన్ ప్రింట్ తీసి తీసుకురా. పెసలు శనివారం రాత్రే నానెయ్యమని చెప్పా.

మీ పెద్దనాన్న