గూఢచారి కథలో పడకగది సీన్లు రాసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య ఆశీస్సులు.

చెన్నై సాలిగ్రామం నుంచి నువ్వు పంపిన సీన్ ఆర్డర్ చదివాను. గూఢచారిణి శత్రువును వలలో వేసుకునే మూడు సీన్లలోనూ "ఇద్దరూ దగ్గరవుతారు" అని ఒక్క ముక్క రాసి, మిగిలినదంతా కెమెరామన్‌కు వదిలేశావు. కథ జారిపోయింది అక్కడే, నాయనా.

ఆంగ్ లీ 2007లో తీసిన 'లస్ట్, కాషన్' మరోసారి చూడు. ఈసారి నాయిక ఏం దాస్తోందో, ఎక్కడ దాచలేకపోతోందో మాత్రమే గమనించు. జపాన్ ఆక్రమణలో ఉన్న షాంఘైలో, ఆక్రమణదారులతో చేతులు కలిపిన యీ అనే అధికారిని చంపించడానికి, నాటకాలాడే విద్యార్థిని వాంగ్ ఒక వ్యాపారి భార్యగా నటిస్తుంది. ఎవరినీ నమ్మని ఆ అధికారి, మొదటి కలయికలో బెల్టు తీసి హింసకు దిగుతాడు. తర్వాతి సీన్లలో పట్టు అటూ ఇటూ మారుతూ, ఒకచోట ఆమె దిండుతో అతడి కళ్ళు కప్పి, పక్కనే వేలాడుతున్న తుపాకీ వైపు చూస్తుంది. అందుకుంటే పని అయిపోయేది, కానీ అందుకోదు. తన నటన ఎక్కడ ముగిసిందో ఆమెకే తెలియని స్థితిని దర్శకుడు ఆ ఒక్క చూపుతో చెప్పాడు.

నా మటుకు నాకు అంతకన్నా గొప్ప సీను, జపనీయుల విందుగృహంలో ఆమె పాట పాడుతుంటే అతడు కంటతడి పెట్టుకునేది. అక్కడ ఒకరినొకరు తాకవలసిన పనే లేదు. అది లేకపోతే, నగల దుకాణంలో వజ్రపుటుంగరం వేలికుండగా ఆమె అతణ్ణి పారిపొమ్మనడం మనకు నగ మీద మోజుగానే కనిపించేది. ఆ మాటకు ఆమెతోపాటు తోటి విద్యార్థులూ ప్రాణాలు పోగొట్టుకుంటారు. మరణశిక్షపై సంతకం పెట్టేది యీయే.

కాబట్టి ప్రతి సీనుకూ ఎవరు ఏం ఆశించి గదిలోకి వచ్చారో, ఏం పోగొట్టుకుని బయటికి వెళ్ళారో రాసుకో. రాయడానికి ఏమీ దొరకని సీనును, నిర్మాత ఎంత ముచ్చటపడినా (పడతాడు, మన సినిమావాళ్ళుండే కోడంబాక్కంలో పడనివాణ్ణి నేను చూడలేదు), తీసెయ్యి. సెన్సారు గురించి ఇప్పుడే బెంగ వద్దు. ఆ సినిమాకు అమెరికాలో ఎన్‌సీ-17 (పదిహేడేళ్ళు, అంతకు లోపువాళ్ళను రానివ్వని రేటింగు) ఇచ్చారు, చైనాలో సుమారు 7 నిమిషాలు కోశారు. మనకు 'ఎ' వస్తే రానీ.

నటీనటులు ఎంతవరకు ఒప్పుకున్నారో ఒప్పందంలోనే రాయించి, ఇంటిమసీ కోఆర్డినేటర్‌ను (ఇలాంటి సీన్లను నటీనటుల సమ్మతితో కూర్చే మనిషిని) పెట్టుకుని, ఫైటు సీను మాదిరిగా ప్రతి కదలికనూ ముందే రిహార్సల్ చేయించు. తిరగరాసిన ప్రతిని హీరోకన్నా ముందు హీరోయిన్‌కు చదవడానికివ్వు.