ఈస్టర్‌కు పిల్లలతో ఎపిస్కోపల్ చర్చికి వెళ్లొచ్చా?

డాలస్‌లో పక్కింటివాళ్లు ఈస్టర్‌కి ఎపిస్కోపల్ చర్చికి పిలిచారని, మీరు సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు కాబట్టి అక్కడ ప్రభు భోజనం, అంటే ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం, తీసుకోవచ్చో లేదోనని టెన్షన్ పడుతున్నారు కదండీ. నిశ్చింతగా వెళ్లండి. రెండూ ఇంగ్లండు చర్చితో బంధమున్న ఆంగ్లికన్ కుటుంబంలోవే. బాప్తిస్మం పొందినవాళ్లు ఏ సంఘంవారైనా తీసుకోవచ్చు. వద్దనుకుంటే బల్ల దగ్గర రెండు చేతులూ ఛాతీమీద అడ్డంగా పెట్టుకోండి, ప్రీస్టు దీవించి పంపిస్తారు. మా చిన్నదాని తలమీద చెయ్యి పెట్టి దీవించినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

శనివారం రాత్రి ఆరాధన చీకట్లో కొత్త నిప్పు వెలిగించడంతో మొదలవుతుంది. ఎంతో బాగుంటుంది కానీ చాలాసేపు సాగుతుంది, మీ రెండేళ్ల బాబు ఆగలేడు. ఆదివారం ఉదయమే మేలు. ఆ రోజు జనం ఎక్కువ, ఇరవై నిమిషాలు ముందే వెళ్లి నడవ పక్కన కూర్చోండి. బాబు ఏడిస్తే బయటికి తీసుకెళ్లడం తేలిక. ప్రీస్టు "క్రీస్తు లేచెను" అని ఇంగ్లీషులో అనగానే అందరూ "నిజముగా లేచెను" అంటారు, పిల్లలకు ఇప్పుడే నేర్పించండి.